అడుగక మున్నే చేయవలసిన సహాయము



"అడుగనిదే అమ్మయైనను బెట్టదు" అని మనలో నొక సామెత కలదు. పండితులు మొదలు పామరులవఱకు అందఱును దీనిని పరమసత్యముగాఁ బలుకుచుందురు. కాని కొంచెము నిదానించి విచారించినచో, తల్లినిగూర్చి యింతకంటె నబద్ధమైన మాట మఱియొకటి లేదని తెలియఁగలదు. పుట్టిన శిశువునకు మాట రాదు. ఆఁకలియో, చలియో, కడుపునొప్పియో అది చెప్పుకొనఁజాలదు. ఒక్కొక్కప్పుడు ఏడ్చుటకుఁ గూడ దానికి శక్తి యుండదు. అయినను నడురేయి బిడ్డ కదలినంతనే తల్లి మేలుకొనుచున్నది. మనలోఁ బ్రతివారమును మొదట నడుగకయే పొందితిమి. అటుపిమ్మటనే యడుగ నేర్చితిమి.

నేఁడు మీ యెదుట విన్నవింపఁదలఁచినది ఈ యొక్క విషయమే. ఆపదలోనున్నవానికిఁ జేయవలసిన సహాయము వాఁడు వచ్చి యడుగువఱకును ఆఁగియుండరాదు. ఆపద మనుష్యుని చేతిలోని సొమ్మును హరించుటతో నూరకుండదు. వాని నోటినిగూడఁ గట్టివేయును. కావున నోరు తెఱవలేనివాని గుమ్మమునకు నోరున్నవాఁడు తానై పోవలెను. ఇది ధర్మము, ఇదియే దైవారాధనము.

మనుష్యునకు మనుష్యుఁడేల కావలయును? ఆవుదూడ పుట్టిన కొంతసేపటికే లేచి నిలిచి తల్లిపొదుగును వెదకికొనును. కోడిపిల్ల గ్రుడ్డునుండి వెలువడిన కొలఁదికాలమునకే గింజల నేరుకొనును. మనుష్యశిశువు నిలిచి నడచుటకే యించుమించుగా నొక సంవత్సరము పట్టును. తన కూడు తాను సంపాదించుకొనుటకు పదునైదిరువది సంవత్సరములు పట్టును. బుద్ధిచే నన్నిప్రాణులను మించిన ప్రాణిని సృష్టికర్త యింత దుర్బలముగాఁ బుట్టించుటకు హేతువు లేకపోలేదు. ఒకరి చేతులలోఁ బెరుఁగనివానికి భాష రాదు, ధర్మము తెలియదు, ప్రేమయన నెట్టిదో యసలే తెలియదు. మన బలహీనతయే మనల నొకరితో నొకరిని ముడివేసిన త్రాడు.

పెరిగి పెద్దవారమైన తరువాత నీత్రాడు తెగిపోవుచున్నదా? మధ్యాహ్నమున విస్తరిముందుఁ గూర్చున్నప్పు డొక్క నిమిషము ఆలోచింపుఁడు. ఆ యన్నపు మెదుకు వెనుక దున్నిన రైతు కలఁడు. నాగటికఱ్ఱు సాగఁగొట్టిన కమ్మరి కలఁడు. మోఁకాలిలోఁతు బురదలో నడుము వంచి నాట్లు వేసిన స్త్రీలు కలరు. మండుటెండలో మడులలో ఉప్పు పండించినవారు కలరు. బస్తాలు మోసినవారు, బండి తోలినవారు, కుండ చేసినవారు కలరు. వారిలో నొక్కరి పేరైనను మన మెఱుఁగము. వారును మన పేరెఱుఁగరు. ఇందఱి చేతుల మీఁదుగా వచ్చిన ముద్దను నోటఁబెట్టుకొనుచు, "నేనెవరిమీఁదను ఆధారపడి బ్రతుకుట లేదు" అని పలుకుట యెంత యవివేకము! సుఖకాలమున ఈ యాధారము మన కంటికిఁ గానరాదు, కష్టకాలమునఁ గానవచ్చును. భేద మంతియే.

అయినచోఁ గష్టము వచ్చినప్పుడు జను లెందుకు బాహాటముగా నడుగరు? ఈ ప్రశ్నయందే నేఁటి విషయమంతయు నిమిడియున్నది. బిచ్చగాండ్రను జూచి మనము, లోకములోని లేమియంతయు చేయి చాఁచుచునే యుండునని భ్రమపడుచున్నాము. నిజమైన లేమిలో నధికభాగము తలుపు మూసికొనియుండును. వీథిలో నలువురు ఘనముగాఁ జెప్పుకొను గృహమున రెండుదినములనుండి పొయ్యి రాఁజకుండవచ్చును; ఆ యిల్లాలు పొరుగువారికి వినఁబడునట్లు పాత్రలు చప్పుడుచేయుచు వంట యైనట్లు నటించుచుండవచ్చును. భర్తను గోలుపోయిన స్త్రీ, బంధువులు కర్మాంతరమున భోజనములుచేసి వెడలిపోయిన మఱునాఁటినుండి, బిడ్డల బడిజీతమునకేమి చేయుదునా యని గోడవంకఁ జూచుచుండవచ్చును. వారెవరును మనయొద్దకు రారు. పరువు వారి పాదములను బట్టియుంచును.

రెండుపంటలు వరుసగా నెండిపోయిన కౌలురైతును దలఁచుకొనుఁడు. విత్తులకొక యప్పు, ఎరువులకొక యప్పు, కూఁతురి పెండ్లికొక యప్పు. వాఁడు కల్లుపాకవద్దఁ గాని, రచ్చచావడియందుఁ గాని, దేవాలయమునఁ గాని యొక్కమాటయైనను జెప్పఁడు. అందఱితో నవ్వుచునే యుండును. ఒకనాఁటి యుదయమునఁ బొలముగట్టున వాని దేహమును, ప్రక్కఁ బురుగులమందు సీసాను జనులు కనుఁగొందురు. అప్పుడు ఊరంతయుఁ గూడి, "అయ్యో! ఒక్కమాట చెప్పియుండరాదా? మేము లేమా?" యని కన్నీరు గార్తురు. ఆ కన్నీరు కపటము కాదు. వారు నిజముగాఁ జేయఁదలఁచినవారే. కాని "మేము లేమా" యను మాట శవము చెవిలోఁ బలికిన నేమి ఫలము? ఆ మాటనే వారమురోజుల క్రిందట వాని యరుగుమీఁదఁ గూర్చుండి పలికియుండిన నొక ప్రాణము నిలిచియుండెడిదేమో! మనతెలుఁగునేలను ఇట్టి చావులు నేఁటికిని సంభవించుచునే యున్నవి. వానికిఁ గారణములు పెక్కులు కలవు. ధరలు, వానలు, వడ్డీలు మన చేతిలోనివి కావు. అరుగుమీఁదఁ గూర్చుండి యొకమాట పలుకరించుట మాత్రము మన చేతిలోనిదే.

అడుగక మున్నే పెట్టిన యొక గృహిణి మన దేశముననే యుండెను. గోదావరిపాయల నడుమ లంకల గన్నవరమను గ్రామమున డొక్కా సీతమ్మగారు, 1841 మొదలు 1909 వఱకు జీవించిన యుత్తమురాలు, తన యింటిని బాటసారుల యిల్లుగాఁ జేసెను. ఏఱు దాఁటి పోవలసినవారికి పడవకై వేచియుండుట తప్పదు. అలసినవారికి ఆఁకలి తప్పదు. ఆమె పూఁటకూళ్ళు పెట్టలేదు. ఎవరి కులగోత్రముల నడుగలేదు. వేళ మించినదని యెవరిని ద్రిప్పి పంపలేదు. వచ్చినవాఁడు ఆఁకలిగొన్నవాఁడనుట యొక్కటియే యామెకుఁ జాలెను. ఆమె శాస్త్రములు వ్రాయలేదు, సభలలో నుపన్యసింపలేదు. అయినను జనులామెను అన్నపూర్ణ యని పిలిచిరి. 2024వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టిరి. ఈ పేరు తగినట్టిదే. ఆఁకలితో బడికి వచ్చిన పసివాఁడు ఉపాధ్యాయునితో "నేను తినలేదు" అని చెప్పఁడు. అక్షరములు కన్నులముందుఁ దిరుగుచుండఁగా నూరకయే కూర్చుండును. వాఁడడుగకయే వానిముందుఁ గంచము పెట్టుటయే సీతమ్మగారి మార్గము.

ఇచ్చటఁ గొందఱు పెద్దలు ఒక యాక్షేపణము చేయుదురు. "ఎవరి కర్మము వారనుభవింపవలసినదే. పూర్వజన్మమున వారు చేసికొన్న పాపమునకు ఈశ్వరుఁడు శిక్ష విధించుచుండఁగా నడుమ మనమెవరము?" అందురు. ఇట్లు పలుకువారిని నేనొక్కటి యడుగుదును. మీ బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు వైద్యుని యింటికేల పరుగెత్తుదురు? మీ యింటికప్పున నిప్పంటుకొన్నప్పుడు బావివద్దకేల పాఱుదురు? అప్పుడు కర్మము జ్ఞప్తికి రాదు. పొరుగువాని కొంప కాలునప్పుడు మాత్రము వేదాంతము నోటికి వచ్చును. తన కష్టమునకు మందును, పరుల కష్టమునకు సిద్ధాంతమును వాడువాని మతము మతము కాదు. అది బద్ధకమునకుఁ దొడిగిన కాషాయవస్త్రము. వాని కష్టము వాని కర్మమే యని యొప్పుకొన్నను, ఆ కష్టమును గన్నులారఁ జూచుచుఁ గదలకుండుట యెవరి కర్మమగును? అది మన లెక్కలోఁ బడకపోదు. ఈశ్వరుఁడు న్యాయమూర్తియైనట్లే కరుణామూర్తియు. ఆ కరుణ యాకాశమునుండి వానవలెఁ గురియదు. అది మనుష్యుల చేతులలో నుండి ప్రవహించును.

మఱికొందఱు లోకానుభవము కలవారు, "ఊరక పెట్టినచో జనులు సోమరులగుదురు" అందురు. ఈ మాటలోఁ గొంత నిజము లేకపోలేదు. పనిచేయఁగలవానికి నిత్యము బిచ్చము వేయుట వానికి మేలు చేయుట కాదు. అయితే ఈ భయమునే ముందిడుకొని చేసిన సహాయము ఎట్లు పరిణమించెనో మన పూర్వుల చరిత్రమే చెప్పుచున్నది. 1876వ సంవత్సరమున వానలు లేక చెన్నపురి రాజధానియందు మహాక్షామము సంభవించి 1878వఱకు నుండెను. మనవారు దానిని ధాతకఱవనిరి. బళ్ళారి, కర్నూలు, కడప మండలములు మిక్కిలిగా నలిగిపోయెను. ప్రభుత్వమువారు కఱవుపనులు పెట్టిరి. కాని సహాయము మితిమీఱిన జనులు చెడుదురనియు బొక్కసము వట్టిపోవుననియు భయపడి, 1877వ సంవత్సరారంభమున సర్ రిచ్చర్డు టెంపు లను నధికారి, దినమెల్ల మన్ను మోయు పురుషునకు ఒక పౌను ధాన్యమును కొద్ది పైకమును జాలునని కూలి తగ్గించెను. పౌననఁగా ఇప్పటి తూనికను సుమారు 450 గ్రాములు. రాజధానిలోని ఆరోగ్యశాఖాధికారియైన కార్నిషను వైద్యుఁడు, ఈ కూటితోఁ గష్టపడి పనిచేయు దేహము నిలువదని గట్టిగా వాదించెను. కొన్ని నెలలకుఁ గూలి హెచ్చింపఁబడెను. ఆ నెలలలోఁ బోయిన ప్రాణములు మాత్రము మరల రాలేదు.

కావున సోమరితనమునకు వెఱచువారు క్రమము తప్పక యుందురుగాక. ఆఁకలికి మందు అన్నము. సోమరితనమునకు మందు పని. ఒకదాని మందు వేఱొకదానికిఁ బనికిరాదు. ముందుగా వానిని బ్రతికింపుఁడు. పిదప వానికి విత్తులో, ఎద్దో, వలయో, మగ్గమో చేతికిచ్చి నిలువఁబెట్టుఁడు. మునిఁగిపోవువానికి ఈఁత నేర్పుట మంచిదే. కాని ముందు వానిని గట్టుకు లాగవలెను.

ఇంతవఱకు ఒక్కొక్క గృహమునుగూర్చి చెప్పితిని. ఊళ్ళకూళ్ళే యాపదపాలైనప్పుడును నియమ మిదియే. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని కృష్ణానది సముద్రమునఁ గలియు దివిసీమమీఁద నుప్పెన విఱుచుకొనిపడెను. సుమారు 5 మీటర్ల యెత్తున లేచిన సముద్రము పల్లెలను, పశువులను, కోఁతకు వచ్చిన వరిచేలను ముంచివేసెను. ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది మరణించిరి. అంతకంటెఁ జాల నెక్కువయని యనేకులు చెప్పుదురు. ఆ పిమ్మట తెలుఁగుదేశమంతయుఁ గదలెను. అవనిగడ్డ ప్రాంతపు నాయకుఁడైన మండలి వెంకటకృష్ణారావుగారు బాధితుల నడుమ నుండి సేవచేసిరి. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు మొదలగు ప్రసిద్ధనటులు వీథులవెంట జోలెపట్టి విరాళములు పోగుచేసిరి. ఎందఱో యువకులు ముక్కులకు గుడ్డలు గట్టుకొని, ఉబ్బిపోయిన శవములను బురదలోనుండి యెత్తి సామూహికముగా దహనము చేసిరి. ఆ శవములలో బ్రాహ్మణుఁడెవఁడో, పల్లెకారెవరో, మాలమాదిగలెవరో తెలిసికొనుటకు వీలే లేకపోయెను. జీవితకాలమంతయు మనము జాగ్రత్తగాఁ గాపాడుకొను గోడలను సముద్రము ఒక్క పూఁటలోఁ దుడిచివేసెను.

ఆ సేవ మహత్తరమైనది. దానిని గొనియాడుచునే మనమొక చేఁదునిజమును మ్రింగవలసియున్నది. తుపాను వచ్చుచున్నదని వాతావరణశాఖవారెఱిఁగియే యుండిరి. ఆ వార్త సముద్రపుటొడ్డున నున్న గుడిసెగుడిసెకును, నమ్మి కదలునట్లుగా, సకాలమునఁ జేరలేదు. చనిపోయినవారిలో నెందఱు పిలువఁబడియుండిన లేచిపోయి బ్రతికియుండెడివారో! వారు మనల నేమియు నడుగలేదు. తమకేమి రానున్నదో యెఱుఁగనివా రేమని యడుగఁగలరు?

ఈ పాఠమును దేశము నేర్చుకొనెను. సముద్రతీరమునఁ బొడవునను ఎత్తైన తుపానురక్షణ భవనములు కట్టఁబడెను. హెచ్చరికలు పల్లెలకుఁ జేరు మార్గములు మెఱుఁగుపడెను. 1990వ సంవత్సరము మే 9వ తేదీని మరల నొక ఘోరమైన తుపాను అదే కృష్ణాముఖద్వారప్రాంతమునఁ దాఁకెను. ఇండ్లు కూలెను, పంటలు పోయెను, పశువులు లక్షకు మించి చచ్చెను. అయినను మృతులైన మనుష్యులు వేయిమందికి లోపుగానుండిరి. ఏలయన, వేలకొలఁది కుటుంబములను ముందుగానే లేపి, యొప్పించి, మెరకకుఁ జేర్చిరి. ఆ వేయిమందియు మనవారే. వారికై మనము దుఃఖింపవలసినదే. అయినను పదివేలకును వేయికిని నడుమ నున్న భేదమేది? సముద్రమునకు దయ పుట్టుటచేత నది కలుగలేదు. తలుపు తట్టిన చేయి యొక్కటియే యా భేదము. తుపాను పోయిన తరువాత నిచ్చిన బియ్యము బ్రతికియున్నవానికే యుపకరించును. తుపానునకు మున్ను తట్టిన తలుపు బ్రతికించును.

ఇంక సహాయమును బొందువారినిగూర్చి రెండుమాటలు. సోదరులారా! ఇచ్చుటకు సంతోషించి, పుచ్చుకొనుటకు సిగ్గుపడువారు మనలో బెక్కురు. ఇదియు నొక యహంకారమే. నాకు లోకమంతయు ఋణపడవచ్చును గాని, నేనెవరికిని ఋణపడఁగూడదను తలఁపులో వినయము లేదు. వంతు అందఱికిని వచ్చును. 2021వ సంవత్సరమునఁ గరోనా మహమ్మారి విజృంభించినప్పుడు ధనికులుగూడ ప్రాణవాయువు సిలిండరునకై ముక్కుమొగమెఱుఁగని వారిని బ్రతిమాలుకొనిరి. రోగమున్న యింటి వాకిట నన్నపుగిన్నె పెట్టి, తలుపు తట్టి, దూరముగా నిలిచి "తిన్నారా?" యని కేకవేసిన పొరుగువారు నాఁడు దేవదూతలవలెఁ దోఁచిరి. నాఁడు పుచ్చుకొన్నవారికి దానివలన గౌరవమేమియుఁ దగ్గలేదు. తనదాఁక వచ్చినఁగాని తెలియదందురు. వచ్చి తెలిసినవారు దానిని మఱవకుందురుగాక. కష్టమునందు "నాకు సహాయము కావలెను" అని పలుకుట పిఱికితనము కాదు. అది మనుష్యుల నడుమ నీశ్వరుఁడు కట్టిన త్రాటిని బట్టుకొనుటయే.

ఇచ్చువారు నొకటి గుర్తుంచుకొనవలెను. పదిమందియెదుట నిచ్చిన పదిరూపాయలు పుచ్చుకొనువాని మెడ వంచును. చీఁకటిలో నిచ్చిన రెండురూపాయలు వాని వెన్ను నిలువఁబెట్టును. ఇచ్చితినని నలుగురిలోఁ జెప్పుకొన్ననాఁడే యిచ్చినది తిరిగి పుచ్చుకొన్నట్లగును.

ఆచరణమునందుఁ జేయవలసినవి గొప్పపనులు కావు. మొదటిది, మన యింటికిఁ గుడియెడమల నున్న రెండిండ్లలోని సుఖదుఃఖములను దెలిసికొనియుండుట; మూఁడుదినములు కనఁబడని ముసలివారి తలుపు తట్టి చూచుట. రెండవది, పంట పోయినవాని యరుగుమీఁద, వాఁడు పిలువకయే, ఒక సాయంకాలము కూర్చుండుట. అప్పు మాట యెత్తకపోయినను సరియే, కూర్చుండుటయే యొక సహాయము. మూఁడవది, చావింటికిఁ గర్మాంతరము వఱకే కాక, జనులందఱును వెడలిపోయిన పిమ్మటఁ గూడఁ బోవుట. దుఃఖమునకు నిజమైన యేకాంతము అప్పుడే మొదలగును. నాలుగవది, ఊరిలోఁ బదిమంది చేరి చేతనైనది ప్రతినెలయు నొకచోటఁ గూర్చి, వ్యాధికిని, బిడ్డల చదువునకును, విత్తులకును పేరు బయటపడకుండ నందఁజేయుట. ఇందులోఁ గులభేదమును, మతభేదమును జొరనీయరాదు; ఆపద కవి తెలియవు గనుక సహాయమునకును దెలియరాదు.

ప్రార్థనామందిరమునఁ గన్నులు మూసికొని యీశ్వరుని వెదకుట మంచిది. అయితే మనము మందిరమునుండి యింటికిఁ బోవు త్రోవలోఁ బొయ్యి రాఁజని యిల్లొకటి యుండఁగాఁ దలవంచుకొని దాఁటిపోయినచో, మన ప్రార్థన మనతోఁగూడ నింటికి వచ్చునేకాని యీశ్వరుని జేరదు.

ఓ దయామయా! మేమడుగక మున్నే మాకు గాలిని, వెలుఁగును, తల్లిపాలను ఇచ్చితివి. అడుగలేనివారి గోడును వినఁగల చెవులను మాకిమ్ము. మూసియున్న తలుపునొద్దకు నడవఁగల పాదములను, తట్టఁగల చేతులను మాకిమ్ము. మాకుఁ గష్టము వచ్చిన దినమున నొకరి చేతినిఁ బట్టుకొనుటకు సిగ్గుపడని వినయమును మాకిమ్ము. శవమువద్దఁ బలుకు మాటలను జీవించియుండఁగానే పలుకు బుద్ధిని మాకుఁ బ్రసాదింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.